లోపలి మనిషి

చెవిటివాణ్ణి తిట్టడంలో ఒక సుఖం ఉంది: వాడు తిరిగి తిట్టడు. యుద్ధం వచ్చాక ఆ వీధి ఆ సుఖం మరిగింది.

కిరసనాయిలు దుకాణం ముందు వరసలో తల్లి నిలబడింది. ఆమె వెనక కొడుకు, కొడుకు వెనక కుట్టుపనావిడ. కుట్టుపనావిడ తమ్ముడు తొలి విడతలోనే సైన్యంలోకి వెళ్లాడు. వెళ్లినవాడి కబురు లేదు. ఆమె ఖాళీ డబ్బాను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని, ఎదురుగా ఉన్న వెడల్పాటి వీపుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏం వీపమ్మా ఇది, గోడలాగుంది. మా తమ్ముడి వీపు ఇందులో సగం లేదు. ఆ సగం వీపుకు తుపాకీ తగిలించారు. ఈ నిండు వీపును ఇంట్లో కూర్చోబెట్టి పెళ్లాం చేత రుద్దిస్తున్నారు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"వాడికి వినబడదని తెలిసీ నోరెందుకు నొప్పి పుట్టించుకుంటావు వదినా?" అంది తల్లి, వెనక్కి తిరక్కుండానే.

"నీకు వినబడుతోందిగా. నీకోసమే అంటున్నాను." కుట్టుపనావిడ గొంతు పెంచింది. "పోయినవి చెవులొక్కటేనా, ఇంకేమైనా పోయాయా? కోడలినడిగి చెప్పు వదినా, వీధికంతా బెంగగా ఉంది."

ఈసారి వరసంతా నవ్వింది. వీపు కదలలేదు. మెడ నరం బిగుసుకోలేదు, చెవి తమ్మె ఎర్రబడలేదు. తల్లి ఓరకంట చూసి, పంటకాపు పైరును చూసుకున్నట్టు, లోలోపల మురిసింది.

ఎందుకంటే వాడికి ప్రతి అక్షరమూ వినబడింది.

ఆ వీధి చివర బాయిలర్ల షెడ్డు ఉంది. మందపు ఇనపరేకులను గుండ్రంగా వంచి, అంచు మీద అంచు చేర్చి, ఎర్రగా కాల్చిన మేకులతో బిగించి అక్కడ బాయిలర్లు చేస్తారు. బయట సమ్మెట ఎత్తేవాడు ఒకడు. లోపల కూర్చుని, అదే మేకు తలకు ఇనపదిమ్మ ఆనించి పట్టేవాడు ఇంకొకడు. అతన్ని లోపలి మనిషి అంటారు. బయట పడిన ప్రతి దెబ్బా లోపల అతని చెవిలోనే పడుతుంది. దూది కుక్కుకున్నా, దూది మీద మైనం మెత్తుకున్నా, తల నెరిసేలోగా చెవులు మూతపడతాయి. ఆ షెడ్డులో నెరిసిన తలలన్నీ చెవిటి తలలే.

తల్లి మొగుడు అలాంటి లోపలి మనిషే. ముందు చెవులు పోయాయి, తర్వాత మనిషి పోయాడు. కొడుకునైనా ఆ ఇనప కడుపులోకి పంపకూడదని ఆమె వాణ్ణి బట్టల కొట్లో గుమాస్తాగా చేర్చింది. వాడి చెవులను కంటికి రెప్పలా కాపాడుకుంది.

ఇంతలో యుద్ధం వచ్చింది. కాలూ చెయ్యీ సరిగా ఉన్న ప్రతి మగవాణ్ణీ లారీ ఎక్కించారు. కుంటివాళ్లనూ గుడ్డివాళ్లనూ చెవిటివాళ్లనూ వదిలేశారు. తల్లి పొయ్యి ముందు కూర్చుని ఆలోచించింది. కుంటితనం నడకలో పట్టుబడుతుంది, గుడ్డితనం కంటిలో పట్టుబడుతుంది, చెవుడు మాత్రం ఎక్కడా కనబడదు. కొడుకును కొట్టు మాన్పించి షెడ్డులో పెట్టింది. కొన్నాళ్లాగి, తండ్రికి పట్టిన గతే వీడికీ పట్టిందని వీధిలో ఏడ్చింది. వీధి నమ్మింది. తొలి పరీక్షకు వచ్చిన పొట్టి డాక్టరు వాడి వెనక గంట వాయించి, తానూ నమ్మి వెళ్లిపోయాడు.

ఆ గంటకు తిరగకుండా ఉండటం తేలిగ్గా రాలేదు. వాడు భోంచేస్తుంటే తల్లి వెనకనుంచి గిన్నె మూత పడేసేది. రెప్ప అదిరిందా, కంచం లాగేసేది. నిద్రపోతుంటే చెవి పక్కన అట్లకాడ జారవిడిచేది. ఉలిక్కిపడ్డాడా, ఆ పూటకు నిద్ర లేదు. ఇంట్లో కూడా ఎవరూ వాడితో నోరు విప్పకూడదు, వాడూ ఎక్కడా గొంతెత్తకూడదన్నది ఆమె పెట్టిన నియమం; గోడ అవతలే కుట్టుపనావిడ కాపురం. చెప్పదలచుకున్నది వాడి అరచేతిలో వేలితో రాయాలి. కోడలు కొత్త పెళ్లికూతురు, మొదట్లో నవ్వేది. "మనిషిని చేసుకున్నాననుకున్నా అత్తయ్యా. పలకను చేసుకున్నాను" అనేది. తర్వాత నవ్వడం మానేసింది.

నాటకమాడి దొరికినవాళ్లకు వేరే లారీ ఉందని వీధిలో చెప్పుకునేవారు. వాళ్లకు తుపాకీ ఇవ్వరట. అందరికన్నా ముందు నడిపిస్తారట. మందుపాతరలు ఎక్కడున్నాయో వాళ్ల కాళ్లు చెప్పాలట.

మగవాళ్లు కరిగిపోయాక షెడ్డులోకి ఆడవాళ్లు వచ్చారు. తల్లికి 'చెయ్యి' పని దొరికింది. సమ్మెటలెత్తే ముసలివాళ్లకు వినబడదు గనక, లోపలి మనిషి అరిచినా రేకు మీద తట్టినా వినడానికి చెవులున్న మనిషి ఒకరు బాయిలరు పక్కన నిలబడాలి. విని చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తే సమ్మెట ఆగుతుంది. ఆ పనిలో తల్లిని మించినవాళ్లు లేరు. లోపల గోరు గీసుకున్నా ఆమె చెయ్యి లేచేది.

షెడ్డుకు పెద్ద ఆమె బావగారు, మొగుడి అన్న. అందరూ పెద్దమేస్త్రి అంటారు. కొండలాంటి మనిషి, చెవులు ఎప్పుడో పోయాయి. ఒక్కగానొక్క కొడుకు సైన్యంలోకి వెళ్లాడు. వెళ్లినవాడికి బదులు వాడి చొక్కా తిరిగొచ్చింది. పెద్దమేస్త్రి ఆ చొక్కాను ఎవరికీ చూపించలేదు. మర్నాడు ఎప్పటిలాగే పనికొచ్చాడు. సమ్మెట దెబ్బ మాత్రం అప్పటినుంచి ఇంకొంచెం బరువుగా పడేది.

సైన్యం వాళ్లు బాయిలర్లతో పాటు పీపాలు కూడా చెయ్యమన్నారు. పీపాలు దొర్లించడానికి షెడ్డు మట్టినేల మీద చెక్కలు పరిచారు. చెక్కలు పరిచిన వారంలోనే ఒక సంగతి జరిగింది.

మధ్యాహ్నం మనుషులు వరసగా కూర్చుని తింటున్నారు. నీళ్ల కుండ దగ్గర నిలబడిన పెద్దమేస్త్రికి వాళ్లను పిలవాల్సిన పని పడింది. మట్టినేల ఉన్న రోజుల్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి భుజం తట్టేవాడు. ఇప్పుడు కాలెత్తి చెక్క మీద బలంగా తన్నాడు. చెక్కలన్నీ ఒక్క వణుకు వణికాయి. ముసలి తలలన్నీ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి.

వినబడనివాళ్లందరూ తిరిగారు. వినబడేవాడొక్కడే తిరగలేదు.

వాడు తలవంచుకుని నములుతున్నాడు. అంత పెద్ద చప్పుడయినా రెప్ప కూడా ఆడించలేదన్న తృప్తి వాడి దవడలో కనబడుతోంది. పెద్దమేస్త్రి వాడిని చూశాడు. మళ్లీ తన్నాడు. మళ్లీ అన్ని తలలూ తిరిగాయి, అది తప్ప. అప్పుడతను మెల్లగా చూపు మళ్లించి, బాయిలరు పక్కన ఉన్న తల్లిని చూశాడు.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మొగుడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే తాను ఎలా లేపేదో ఆ క్షణంలో గుర్తొచ్చింది. మంచం కోడును కాలితో తన్నేది. చెవిటి మనిషి దిగ్గున లేచేవాడు.

సాయంత్రం పెద్దమేస్త్రి ఇంటికొచ్చాడు. కొడుకు అప్పటికింకా షెడ్డులోనే ఉన్నాడు. గడపలో అడుగుపెడుతూనే, ఎక్కడ హెచ్చాలో ఎక్కడ తగ్గాలో మరిచిపోయిన గొంతుతో అతను అన్నాడు: "అమ్మాయ్, నీ కొడుక్కి వినబడుతుంది."

తల్లి గోడవైపు చూసింది. గోడ అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"కోడలా, రోలు ముందు కూర్చో."

"అందులో ఏం వెయ్యను అత్తయ్యా?"

"ఏమీ వెయ్యకు. దంచు."

కోడలు ఖాళీ రోట్లో రోకలి వేసింది. ఆ చప్పుడు చాటున పెద్దమేస్త్రి మాట్లాడాడు.

"చెవి పోయినవాడికి కాళ్లే చెవులు. నేల కదిలితే ముందు తిరిగేది మేమే. నా తమ్ముడితో అంతకాలం కాపురం చేశావు, ఆ సంగతి ఎలా మరిచావు? నీవాడికి తిరగకుండా ఉండటం నేర్పావు. మరీ ఎక్కువ నేర్పావు."

"ఎవరికైనా చెప్తారా బావగారూ?" అతను చదువుకోవడానికి వీలుగా ఆమె పెదవులు నెమ్మదిగా కదిలాయి.

"వచ్చేవారం పెద్ద డాక్టరు వస్తున్నాడు. గంట వాయించి పోయే రకం కాదట. నేల తన్ని చూస్తాడు. మోగే కడ్డీ పుర్రెకు ఆనించి చూస్తాడు. ఒక్కొక్కణ్ణీ నా ముందు నిలబెట్టి, మేస్త్రీ, వీడు నిజమేనా అనడుగుతాడు. నేను అబద్ధం చెప్పను."

"మీ తమ్ముడి రక్తం."

"నాకూ ఒక కొడుకుండేవాడు. వాడికి బాగా వినబడేది."

రోకలి ఒక దెబ్బ తప్పింది. తల్లి వంగి అతని కాళ్లు పట్టుకుంది. అతను కాళ్లు వెనక్కి లాక్కోలేదు, ఆమెను లేపనూ లేదు.

"అబద్ధం చెప్పనన్నాను, అంతే. వాడికి నిజంగానే చెవుడనుకో. నేనూ నిజమే చెప్తాను. డాక్టరు కడ్డీ కూడా నిజమే చెప్తుంది."

తల్లి తలెత్తి అతని మొహం చూసింది. అందులో జాలి ఉందా, పగ ఉందా అని వెతికింది. రెంటికీ ఒకటే మొహం ఉన్నట్టుంది.

"ఎల్లుండి పెద్ద బాయిలరు మొదలుపెడుతున్నాం. లోపలి మనిషి కావాలి" అన్నాడు పెద్దమేస్త్రి. "వాణ్ణి అడుగు."

"అడిగితే వద్దంటాడు."

"అయితే అడక్కు."

అతను వెళ్లాక కూడా కోడలు కాసేపు దంచుతూనే ఉంది. తర్వాత రోకలి గోడకు ఆనించి వచ్చి, అత్తగారి ముందు కూర్చుంది.

"ఆయన చెవులు అత్తయ్యా. ఆయన్ని ఒక్కమాట అడగాలి కదా."

"నీ మొగుడు బతకాలా, నీ మాట వినాలా?"

"రెండూ ఉండకూడదా?"

"ఉండే ఇళ్లలో ఉంటాయి. అలాంటి ఇల్లు ఈ వీధిలో ఎక్కడుందో చూపించు, వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తాను."

కోడలు గొంతు బాగా తగ్గించింది. "పోనీ ఈ రెండు రోజులూ నన్ను మాట్లాడనివ్వండి. ఒక్క పూట, గొంతుతో. పెళ్లయినప్పటినుంచి ఆయనకు ఇంట్లో వినబడిందల్లా మీ గిన్నెల మూతలే. చివరికి మిగిలేది కూడా అదే కాకూడదు."

"మాట్లాడితే ఏడుస్తావు. ఏడిస్తే చెప్తావు" అంది తల్లి, పొయ్యి రాజేస్తూ. "నీ సంగతి నాకు తెలీదూ."

పెద్ద బాయిలరు మొదలుపెట్టే రోజు ఉదయం కోడలు మొగుడి అరచేతిలో 'దూది నిండా పెట్టుకో' అని రాసింది. వాడు నవ్వి తలూపాడు. పెళ్లాం ముద్దు చేస్తోందనుకున్నాడు.

షెడ్డులో పెద్ద బాయిలరు అడ్డంగా పడుకుని ఉంది. మనిషి దూరేందుకు పైన ఒక కంత, కంతలోకి నిచ్చెన. వాడు ఎక్కబోతుంటే పెద్దమేస్త్రి ఆపి, వాడి చెవుల్లోంచి దూది లాగేశాడు. "డాక్టరొస్తే చెవుల్లో నూలుపోగులు వెతుకుతాడు. ఇవాళ్టినుంచి వద్దు" అన్నాడు, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ. వాడు తల్లిని చూశాడు. తల్లి తలూపింది. వాడు దిగాడు. పెద్దమేస్త్రి నిచ్చెన పైకి లాగేసి, కంతకు మూత దించాడు.

సమ్మెట లేచింది.

తొలి దెబ్బలకు లోపలినుంచి ఏమీ వినబడలేదు. మేకులు ఒకటొకటే బిగుసుకుంటున్నాయి. పెద్దమేస్త్రి మేకులను వదిలి, వాడు కూర్చున్న చోటు చూసుకుని, వట్టి రేకు మీద కొట్టసాగాడు. అప్పుడు లోపలినుంచి తట్టు వినబడింది. ఆగమని చెప్పే తట్టు. పనికొచ్చిన తొలిరోజే ఎవరైనా నేర్చుకునే తట్టు. తల్లి చెయ్యి అలవాటుగా లేవబోయింది. ఆమె దాన్ని రెండో చేత్తో పట్టుకుని కొంగులో చుట్టేసుకుంది.

"ఆగండి" అంది లోపలి గొంతు. ఏడాదిగా ఆ గొంతు పైకి రాలేదు. కొట్టేవాడికి వినబడదు, మిగతా ఆడవాళ్లు షెడ్డు వెనక పీపాల దగ్గర ఉన్నారు, వినబడేది ఆమెకొక్కదానికే.

"పెదనాన్నా, ఆపు."

దెబ్బ పడింది.

"అమ్మా, చెయ్యెత్తు. అమ్మా, ఉన్నావా?"

ఆమె ఉంది. బాయిలరుకు జానెడు దూరంలో ఉంది. రేకు అదురు ఆమె అరికాళ్లలోంచి మోకాళ్లలోకి పాకుతోంది. వాడు అమ్మా అన్నాడు, మళ్లీ మళ్లీ అన్నాడు, ఆ పిలుపులో మాట అరిగిపోయి చివరికి అరుపొకటే మిగిలేదాకా అన్నాడు. నడవడం రాని రోజుల్లో కూడా వాడు ఆమెను అన్నిసార్లు పిలిచి ఉండడు.

భోజనం క్యారేజీ పట్టుకుని కోడలు వచ్చింది. గుమ్మంలోనే ఆ అరుపు విని, క్యారేజీ వదిలేసి, పరుగున వచ్చి చెయ్యెత్తింది. తల్లి ఆ చేతిని గాలిలోనే పట్టుకుని కిందికి వంచింది. ఇద్దరు ఆడవాళ్లూ ఒకే చెయ్యి కోసం మాట లేకుండా పెనుగులాడారు. పెద్దమేస్త్రి అటు చూశాడు. లేచిన చెయ్యీ చూశాడు, దాన్ని వంచిన చెయ్యీ చూశాడు. షెడ్డులో లెక్కకొచ్చే చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు. సమ్మెట ఎత్తాడు.

పొద్దు వాలాక మూత తీశారు. వాణ్ణి పైకి లాగినప్పుడు రెండు చెవులనుంచీ సన్నని నెత్తుటి చారలు మెడమీదికి దిగి ఎండిపోయి ఉన్నాయి. కోడలు వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, పేరు పెట్టి పిలిచింది. ఆ వీధిలో అందరికీ వినబడేటంత గట్టిగా పిలిచింది. వాడు ఆమె పెదవులను వింతగా చూశాడు.

పెద్దమేస్త్రి చేతులు కడుక్కుంటూ, ఎవరితోనూ కానట్టు, "మావాడికి కూడా చేసుండాల్సింది. అప్పుడు నాకు తోచలేదు" అన్నాడు.

తర్వాతి రోజుల్లో వాడు తల్లి మొహం చూడలేదు. ఆమె పెట్టింది తిన్నాడు, ఆమె పరిచినచోట పడుకున్నాడు. ఆమె అరచెయ్యి అందుకోబోతే పిడికిలి బిగించాడు. కోడలికి మాత్రం చెయ్యిచ్చేవాడు. ఆమె రాసేది కాదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చునేది. పిడికిలి చూసినప్పుడల్లా తల్లి తనకు తాను చెప్పుకుంది: డాక్టరు రానీ. వదిలేశామని ఆయన నోటితో అననీ. అప్పుడు వీడికే తెలుస్తుంది.

డాక్టరు వచ్చాడు. నిజంగానే పెద్దవాడు, కళ్లజోడు, తోలు సంచీ. పక్కన సైన్యం ఆఫీసరు ఒకడు. షెడ్డులోని మగవాళ్లందరూ చెక్కల మీద వరస కట్టారు. తల్లీ కోడలూ బాయిలరు పక్కన నిలబడ్డారు. డాక్టరు సంచీ తెరవబోతుంటే ఆఫీసరు ఆపాడు.

"ఇక్కడ అక్కర్లేదండీ. నిన్ననే పైనుంచి ఆర్డరొచ్చింది. బాయిలర్లూ పీపాలూ లేకపోతే మాకు అక్కడ గడవదు. ఈ షెడ్డులో పనిచేసేవాళ్లను ఒక్కణ్ణి కూడా కదిలించొద్దన్నారు."

"అందర్నీనా?" అన్నాడు డాక్టరు. "చెవుడు లేనివాళ్లని కూడానా?"

"ఉన్నా లేకపోయినా ఒకటే."

డాక్టరు సంచీ మూసేశాడు. షెడ్డు బాగుందని మెచ్చుకుని, చెప్పుకు అంటిన ఇనపరజను గుమ్మంలో దులుపుకుని, ఆఫీసరుతో కలిసి జీపెక్కాడు.

వరసలో ఉన్న ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దమేస్త్రి మాత్రం ఆఫీసరు పెదవులనే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ పెదవులు అన్నది అతనికి చేరింది. అతను తల్లివైపు తిరగలేదు. వెళ్లి సమ్మెట అందుకుని, కాలిన మేకు కోసం చెయ్యి చాచాడు.

కొడుక్కి పెదవులు చదవడం ఇంకా రాలేదు. వాడు వరస వదిలి, తల్లి దగ్గరికి వచ్చి, అన్నాళ్లుగా బిగించిన పిడికిలి విప్పి ఆమె ముందు చాచాడు.

"ఏమన్నారమ్మా?" షెడ్డు అదిరేలా అడిగాడు. తన గొంతు ఎంత పెద్దదో వాడికిక తెలీదు.

తల్లి వేలు ఆ అరచేతి మీద కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత రాసింది: చెవుడని వదిలేశారు.

వాడు చదువుకున్నాడు. మొహం మెల్లగా విచ్చుకుంది. ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "నువ్వు చేసిందే సరైందమ్మా" అన్నాడు. "లోపల నిన్ను ఎంత తిట్టుకున్నానో. నువ్వే నన్ను బతికించావు." ఆ మాట నిజమో కాదో సరిచూసుకోవాలని కాదు, సంతోషం పంచుకుందామని, రెండో చెయ్యి పెళ్లాం ముందు చాచాడు.

తల్లి కోడలిని చూసింది. బతిమాలే వీలు కూడా లేదు. వాడు ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

కోడలు మొగుడి అరచేతిలో 'అవును' అని రాసింది. రాసి, వాడి మొహంలోకి చూసి, పెళ్లినాటి నవ్వు నవ్వింది. ఆ నవ్వును అలాగే అత్తగారివైపు తిప్పి, ముద్దుగా, మురిపెంగా అంది:

"మీరు పోయిన మర్నాడు ఈయనకు చెప్తాను అత్తయ్యా. అంతా రాసి చెప్తాను. అందాకా వెయ్యేళ్లు బతకండి."

కొడుకు తనవైపే చూస్తున్నాడు. తల్లి కూడా నవ్వింది.